శుక్రవారమే చెడిపోయిన రేస్ వీకెండ్‌ను ఎలా నిలబెట్టుకోవాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా మళ్లీ చెబుతాను. నీకు 21 ఏళ్లు. రెండేళ్లు కార్టింగ్ (చిన్న గో-కార్ట్‌ల రేసులు) చేసి, ఈ ఏడాదే ఎల్‌జీబీ ఫార్ములా 4 అనే రేస్ కారు ఎక్కావు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో మొదటి రౌండ్. శుక్రవారం ప్రాక్టీస్‌లో రెండు స్పిన్‌లు (కారు గిర్రున తిరిగిపోవడం), రెండూ బ్రేక్ వేసి మలుపులోకి తిరిగేటప్పుడే. శనివారం క్వాలిఫయింగ్‌లో (రేసులో ఎవరు ఎక్కడి నుంచి బయలుదేరాలో తేల్చే సెషన్) 19వ స్థానం. మొదటి రేసు రెండో ల్యాప్‌లో ముందున్న కారును గుద్దితే నీ కారు ముక్కు ఊడిపోయింది. ఆదివారం రెండో రేసులో 15వ స్థానం. "తప్పు నాదా, కారుదా? అనుభవం ఉన్నవాళ్లు ఇలాంటి వీకెండ్‌ను ఎలా దాటతారు? ఇంటికొచ్చాక నాన్న ముఖం చూడలేకపోతున్నాను" అని అడిగావు.

సూటిగా చెబుతాను. పోయిన టైమ్‌ను తర్వాతి సెషన్‌లో ఎలాగైనా రాబట్టాలని చూడకు. అసలు ఎక్కడ మొదలైందో ముందు పట్టుకో. అది దొరికేదాకా కారులో ఏదీ మార్చొద్దు, డ్రైవింగ్‌లో కొత్తగా ఏదీ ప్రయత్నించొద్దు. నేను ఎనిమిది సీజన్లు నేషనల్ ఛాంపియన్‌షిప్‌లో సింగిల్ సీటర్లు (ఒక్కరే కూర్చునే రేస్ కార్లు) నడిపాను, ఇప్పుడు కొత్త కుర్రాళ్లకు నేర్పుతున్నాను. చెడ్డ వీకెండ్‌లు చాలా చూశాను. దాదాపు అన్నీ చిన్న విషయంతోనే మొదలయ్యాయి. దాన్ని వదిలేసి దానివల్ల వచ్చిన నష్టం వెంట పరిగెత్తడంతోనే పెద్దవయ్యాయి.

ఇలా ఎందుకు జరుగుతుందంటే మనకుండే టైమ్ చాలా తక్కువ. ఆ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు, మన కార్లలో ఒక ల్యాప్‌కు రెండు నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. 20 నిమిషాల సెషన్ అంటే, బయటికి వెళ్లే ల్యాప్, లోపలికి వచ్చే ల్యాప్ తీసేస్తే గట్టిగా ఎనిమిది ల్యాప్‌లు. అందులో మొదటి రెండు టైర్లు వేడెక్కడానికే పోతాయి. మిగిలిన ఆరు ల్యాప్‌లలో ఒక స్పిన్ అయిందనుకో, ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేసి ట్రాక్ మీదికి వచ్చేసరికి సగం సెషన్ పోయినట్టే. ఇక అక్కడి నుంచి ప్రతి ల్యాప్‌లోనూ ఒకటే టెన్షన్, "ఇంకా టైమ్ రాలేదు" అని. ఆ టెన్షన్‌లో బ్రేక్ పది అడుగులు ఆలస్యంగా వేస్తాం. మళ్లీ జారుతుంది. పిట్‌కొచ్చి "కారు వెనక లూజుగా ఉంది" అంటాం. మెకానిక్‌లు మన మాట నమ్మి సెటప్ (కారు బిగింపులు, సర్దుబాట్లు) మారుస్తారు. ఇప్పుడు కారూ మారింది, మనమూ మారాం. రెండింట్లో దేనివల్ల ఏం జరుగుతోందో ఇక ఎవరికీ తెలియదు.

నా జీవితంలో అన్నిటికన్నా చెడ్డ వీకెండ్ కూడా అదే ట్రాక్‌లో జరిగింది. పదేళ్లు దాటినా ప్రతి సెషనూ గుర్తుంది.

శుక్రవారం పొద్దున మొదటి ప్రాక్టీస్‌లో ఒక మలుపు బయటికి వస్తూ కెర్బ్ (ట్రాక్ అంచున ఉండే గట్టు) మీదికి కాస్త ఎక్కువగానే ఎక్కాను. వెనక నుంచి చిన్నగా "టక్" అని వినిపించింది. కారు మామూలుగానే నడుస్తోంది కదా అని పట్టించుకోలేదు, పిట్‌లో ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం సెషన్‌లో వెనక జారడం మొదలైంది. ఎండ పెరిగింది, ట్రాక్ కాలిపోతోంది, టైర్లు ఓవర్‌హీట్ అవుతున్నాయనుకున్నాను. ప్రెషర్ తగ్గించాం. తర్వాతి సెషన్‌కు వెనక యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) మెత్త చేశాం. అంతకుముందు కన్నా అర సెకను నెమ్మదించాను. ఆ రోజే చివర్లో జరిగిన క్వాలిఫయింగ్‌లో పంతం పట్టి మరీ లేటుగా బ్రేక్ వేశాను. ముందు ఎడమ టైర్ లాక్ అయి (తిరగకుండా ఆగిపోయి) ఒకచోట చదునుగా అరిగిపోయింది. ఇక ఆ సెషనంతా స్టీరింగ్ చేతుల్లో డడడడ అని కొట్టుకుంటూనే ఉంది. 16వ స్థానం. అంతకుముందు రౌండ్‌లో నేను ఐదో స్థానంలో క్వాలిఫై అయినవాణ్ని.

ఆ సాయంత్రం మా టీమ్‌లోని పెద్ద మెకానిక్ నా పక్కన వచ్చి కూర్చున్నారు. కోయంబత్తూరు మనిషి, సగం తమిళం, సగం తెలుగు కలిపి మాట్లాడేవారు. రెండే ప్రశ్నలు అడిగారు. "తంబీ, నేరుగా వెళ్లేటప్పుడు స్టీరింగ్ ఎక్కడుంటుంది?" కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాను. మధ్యలో లేదు, వేలెడంత కుడికి తిరిగి ఉంది. రోజంతా అలా పట్టుకునే నడిపాను, ఒక్కసారి కూడా ఆలోచించలేదు. "వెనక జారేది అన్ని మలుపుల్లోనా, ఒక వైపేనా?" ఎడమ మలుపుల్లోనే. కుడి మలుపుల్లో కారు చక్కగా ఉంది.

ఆయన లేచి నాలుగు స్టాండ్‌లు తెచ్చి కారుకు రెండు పక్కలా పెట్టారు. చక్రాల మధ్య ఎత్తులో, కారుకు సమాంతరంగా అటొకటి ఇటొకటి దారం బిగించి కట్టారు. స్టీల్ స్కేలు పెట్టి దారం నుంచి రిమ్ ముందు అంచుకు ఎంత, వెనక అంచుకు ఎంత అని ఒక్కో చక్రాన్నీ కొలిచారు. కుడి వెనక చక్రం దగ్గరికొచ్చేసరికి టార్చ్ దగ్గరగా పట్టమన్నారు. మిగతా మూడూ సరిగ్గా ఉన్నాయి. ఇది మాత్రం ముందు వైపు మూడు మిల్లీమీటర్లు బయటికి తెరుచుకుని ఉంది. కింద చేయి పెట్టి తడిమితే టో లింక్ (చక్రం ఎటు చూడాలో పట్టి ఉంచే కడ్డీ) సన్నగా వంగి వేలికి తగిలింది. కంటికి ఆనడం లేదు, వేలికి తెలుస్తోంది. పొద్దున పదింటికి విన్న ఆ "టక్" అదే రోజు రాత్రి తొమ్మిదింటికి దొరికింది. ఈ మధ్యలో మేం చేసిన మార్పులన్నీ వంగిన కారు మీద చేసినవే.

దీని వెనకున్న లెక్క కూడా చెబుతాను, నీకు పనికొస్తుంది. ఎడమ మలుపులో బరువంతా కుడి చక్రాల మీద పడుతుంది. కుడి వెనక చక్రం బయటి వైపు చూస్తుంటే కారు వెనక భాగాన్ని అది బయటికే లాగుతుంది. అందుకే ఎడమ మలుపుల్లో జారింది. నేరుగా వెళ్లేటప్పుడు కూడా అది వెనక భాగాన్ని కుడికి నెడుతూ ఉంటుంది, దాన్ని సరిచేయడానికి నా చేతులు తెలియకుండానే స్టీరింగ్‌ను కుడికి పట్టాయి. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది: ఒక వైపు మలుపుల్లోనే ఇబ్బంది ఉంటే ఏదో వంగిందని అనుమానించు. రెండు వైపులా, ప్రతి ల్యాప్‌లోనూ ఒకేలా ఉంటే సెటప్ చూడు. ఒక ల్యాప్‌లో ఉండి ఇంకో ల్యాప్‌లో లేకపోతే అది నీ చేతుల్లోనో కాళ్లలోనో ఉంది. నూటికి నూరుపాళ్లు ఇలాగే ఉంటుందని అనను. కానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. నీ స్పిన్‌లు రెండూ బ్రేక్ వేస్తూ తిరిగేటప్పుడే అన్నావు, మధ్య ల్యాప్‌లలో కారు బాగానే ఉందన్నావు. నువ్వు కార్టింగ్ నుంచి వచ్చావు, మన దగ్గర ఎక్కువ మంది నడిపే కార్ట్‌లకు గేర్లుండవు. ఈ కారుకు మామూలు కారులాంటి గేర్ లివర్ ఉంది. నాలుగో గేర్ నుంచి రెండుకు దించేటప్పుడు ఇంజన్ ఆర్‌పీఎం పెంచకుండా క్లచ్ వదిలేస్తే వెనక చక్రాలు ఒక్క క్షణం లాక్ అవుతాయి. కారు నేరుగా ఉంటే కాస్త ఊగి సర్దుకుంటుంది. అప్పటికే స్టీరింగ్ తిప్పి ఉంటే మాత్రం వెనక భాగం చుట్టూ తిరిగి ముందుకొచ్చేస్తుంది. నా అంచనా ప్రకారం నీకు జరిగింది ఇదే. ఆన్‌బోర్డ్ వీడియో (కారు మీది కెమెరా తీసింది) ఉంటే సౌండ్ పెట్టి విను. స్పిన్‌కు సరిగ్గా ముందు ఇంజన్ ఒక్కసారిగా "ఊఁ" అని పైకి అరిచి ఉంటే, వెనక చక్రాలే ఇంజన్‌ను బలవంతంగా తిప్పాయన్నమాట.

దీనికి మందు హీల్ అండ్ టో. కుడి పాదం ముందు భాగంతో బ్రేక్ గట్టిగా నొక్కి ఉంచి, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను ఒక్క తట్టు తట్టి, అప్పుడు క్లచ్ వదలాలి. గేర్లు దించడం స్టీరింగ్ తిప్పక ముందే అయిపోవాలి. రోడ్డు మీద ప్రాక్టీస్ చేయకు, ప్రమాదం. కారు స్టాండ్ మీద ఉన్నప్పుడు ఇంజన్ ఆపి, షూస్ వేసుకుని రోజూ అరగంట కాలికి అలవాటు చేయి. పెడల్స్ మధ్య దూరం నీ పాదానికి కుదరకపోతే మీ మెకానిక్‌కు చెప్పు, యాక్సిలరేటర్ పెడల్‌కు చిన్న ప్లేట్ బిగిస్తారు. నేను నేర్పిన కుర్రాళ్లలో ఇద్దరికి ఆ ప్లేట్ ఒక్కటే తేడా తెచ్చింది.

ఇక మొదటి రేసులో గుద్దడం. నేనూ ఆ వీకెండ్‌లో అదే చేశాను. రాత్రి లింక్ మార్చాక కారు మళ్లీ బాగుపడింది. "ఇక చూపిస్తాను" అనుకుంటూ శనివారం మొదటి రేసులో 16వ స్థానం నుంచి బయలుదేరాను. మొదటి ల్యాప్‌లోనే గుంపులో నేను రోజూ బ్రేక్ వేసే గుర్తు దగ్గరే బ్రేక్ వేశాను. అదే తప్పు. గుంపులో వెళ్లేటప్పుడు ముందు కార్లు గాలిని చీల్చుకుంటూ పోతుంటాయి, కాబట్టి ఆ గుర్తు దగ్గరికి మనం మామూలు కన్నా ఎక్కువ స్పీడ్‌తో వస్తాం. పైగా టైర్లు ఇంకా చల్లగా ఉంటాయి. ముందున్నవాళ్లు ఒకరి వెనక ఒకరు ముందే బ్రేక్ వేస్తూ వస్తారు, వరస చివర ఉన్నవాళ్లు ఇంకా ముందే బ్రేక్ వేయాల్సి వస్తుంది. మొదటి రెండు ల్యాప్‌ల వరకు నీ బ్రేక్ గుర్తు రావడానికి కనీసం పదిహేను మీటర్ల ముందే బ్రేక్ వెయ్యి. ముందు కారుకు నేరుగా వెనక ఉండకుండా అర కారు వెడల్పు పక్కకు ఉండు. అప్పుడు ముందు ఏం జరుగుతోందో కనిపిస్తుంది, తప్పించుకోవడానికి దారీ ఉంటుంది.

నన్ను స్టీవార్డులు (రేసులో తప్పొప్పులు తేల్చే అధికారులు) పిలిచారు. నిన్నూ పిలిచే ఉంటారు, ఆ సంగతి నువ్వు రాయలేదు. నేను నా వీడియో తీసుకెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. రెండో రేసుకు గ్రిడ్ (కార్లు బయలుదేరే వరస) చివరి నుంచి బయలుదేరమన్నారు. అక్కడి నుంచి నేరుగా నేను గుద్దిన అబ్బాయి టెంట్‌కు వెళ్లి క్షమాపణ చెప్పాను. ఇది తప్పకుండా చెయ్యి తమ్ముడూ, ఇంకా చేయకపోతే ఈ రోజే ఫోన్ చెయ్యి. వచ్చే రౌండ్‌లో ఇలాంటి మలుపులోనే అతని పక్కనే వెళ్లాల్సి ఉంటుంది. అతను నిన్ను నమ్మితే నీకు ఒక కారు వెడల్పు చోటు వదులుతాడు. ఎదుటివాడిదే తప్పనిపిస్తే అరవొద్దు. ప్రొవిజనల్ ఫలితాలు అంటించిన 30 నిమిషాల్లోపు రాతపూర్వకంగా ప్రొటెస్ట్ ఇవ్వొచ్చు, దానికి ఫీజు ఉంటుంది, ఓడిపోతే ఆ ఫీజు పోతుంది. కోపంగా ఉన్నప్పుడు ఆ కాగితం రాయొద్దు. టీమ్ మేనేజర్‌తో కలిసి వీడియో చూశాకే రాయి.

ఆ రాత్రి మెకానిక్‌లు రెండు గంటల దాకా పని చేశారు. ముందు విష్‌బోన్ (చక్రాన్ని కారుకు పట్టి ఉంచే భాగం) మార్చారు, కారు ముక్కు ఫైబర్ అతికించారు. నేను వాళ్లకు టీ తెచ్చిపెట్టి, పదకొండింటికి వెళ్లి పడుకున్నాను. ముందు రోజు అపరాధ భావంతో అర్ధరాత్రి దాకా కారు చుట్టూ తిరిగాను, పొద్దున తల దిమ్ముగా ఉంది. డ్రైవర్ నిద్రపోకపోతే వాళ్ల కష్టమంతా వృథా.

ఆదివారం రేసులో నాకు నేను పెట్టుకున్న లక్ష్యం ఒక్కటే: మొదటి మూడు ల్యాప్‌లు ఎవరికీ తగలకుండా ఉండటం. స్థానం గురించి అనుకోలేదు. మొదటి ల్యాప్‌లోనే నా ముందు ముగ్గురు ఒకరికొకరు తగిలి గడ్డిలోకి వెళ్లారు. తర్వాత ఒక్కొక్కరినీ స్ట్రెయిట్‌లలోనే దాటాను, మలుపుల్లో దూరడానికి చూడలేదు. తొమ్మిదో స్థానంలో ముగించాను. ఆ రేసులో నా బెస్ట్ ల్యాప్ క్వాలిఫయింగ్ టైమ్ కన్నా బాగా వచ్చింది, నేను టైమ్ కోసం అసలు ప్రయత్నించని రోజున. అందుకే నీ 15వ స్థానాన్ని తక్కువ చేసి చూడకు. నీ ఆదివారం ల్యాప్ టైమ్‌ల కాగితం తీసి చూడు. అన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే, ఆ వీకెండ్‌లో నువ్వు నిజంగా కారు నడిపింది ఆ రోజే.

పెద్ద పెద్ద డ్రైవర్లకూ ఇలాంటివి జరుగుతాయని చెప్పడానికి రెండు ఉదాహరణలు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది కదా, ఆ రోజు నేను స్టాండ్‌లో ఉన్నాను. పోల్ (అందరికన్నా ముందు చోటు) నుంచి బయలుదేరింది జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్. హెయిర్‌పిన్‌లో (దాదాపు వెనక్కి తిరిగే మలుపు) అతని టీమ్‌మేట్ సామ్ బర్డ్ లోపలి వైపు నుంచి వచ్చి, ఆగలేక అతనికి తగిలాడు. ఒక్క బ్రేకింగ్‌తో ఇద్దరి రేసూ పాడైంది. ఎన్నో ఏళ్లుగా ఇదే వృత్తిగా ఉన్నవాళ్లు. బ్రేక్ గుర్తు విషయంలో ఎంత అనుభవం ఉన్నా పొరపాటు జరుగుతుంది.

రెండోది మన నరైన్ కార్తికేయన్. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు. 2012 సీజన్ మొదటి రౌండ్ మెల్‌బోర్న్‌లో. ఆయన హెచ్ఆర్‌టీ టీమ్ కారు 107 శాతం నిబంధన దాటలేకపోయింది. అంటే క్వాలిఫయింగ్ మొదటి దశలో వచ్చిన బెస్ట్ టైమ్‌కు 107 శాతం లోపు టైమ్ రాలేదు. శనివారంతోనే వీకెండ్ ముగిసింది, రేసుకే అనుమతి లేదు. సరిగ్గా వారానికి మలేసియాలో అదే నెమ్మది కారుతో గ్రిడ్ చివరి వరసలో నిలబడ్డారు. చాలామంది కొద్ది తడికి పనికొచ్చే ఇంటర్మీడియట్ టైర్లతో బయలుదేరితే ఆయన పూర్తి వర్షం టైర్లతో బయలుదేరారు. వాన పెరిగి మిగతావాళ్లు టైర్లు మార్చుకోవడానికి పిట్‌కు వెళ్లారు. రేసు ఆపుతూ రెడ్ ఫ్లాగ్ పడే వేళకు ఆయన పదో స్థానంలో ఉన్నారు. వాన తగ్గి ట్రాక్ ఆరాక ఆ స్థానం నిలవలేదు, ఆ కారులో స్పీడ్ లేదు. కానీ మెల్‌బోర్న్‌ను మోసుకుంటూ తిరిగే మనిషి ఆ మలేసియా ల్యాప్‌లు నడపలేడు.

రెండు హెచ్చరికలు మాత్రం చెప్పాలి.

తలకు దెబ్బ తగిలితే నేను పైన చెప్పిందేదీ వర్తించదు. గుద్దినప్పుడు తల ఊగి, తర్వాత తలనొప్పి, వికారం, చూపు మసకగా ఉండటం లాంటివి ఉంటే ట్రాక్ డాక్టర్‌కు చెప్పు. సీటు పోతుందేమోనని దాచొద్దు. హెల్మెట్ దేనికైనా గట్టిగా తగిలి ఉంటే పైకి బాగానే కనిపించినా మళ్లీ వాడొద్దు. బ్రేక్ పెడల్ మామూలు కన్నా లోపలికి వెళ్తుంటే ఆ ల్యాప్‌లోనే పిట్‌కు వచ్చెయ్. ఎండలో బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడుతుంది. ఇంకో ల్యాప్ చూద్దాం అనుకోవద్దు.

ఎండ గురించి ఇంకో మాట. మూడు పొరల సూట్, లోపల బనియన్, తల మీద బాలక్లావా (ముసుగు), పైన హెల్మెట్. చెన్నై మధ్యాహ్నం ఆ బట్టల్లో పావుగంట గ్రిడ్ మీద కూర్చుంటే మెదడు మొద్దుబారుతుంది. దాహం వేశాక తాగితే లేటయినట్టే. శుక్రవారం పొద్దుటి నుంచే ఉప్పు, నిమ్మకాయ కలిపిన మజ్జిగో నీళ్లో తాగుతూ ఉండు. మధ్యాహ్నం బిర్యానీ మానెయ్, పెరుగన్నం చాలు.

వచ్చే రౌండ్‌కు ఒక పని పెట్టుకో. ఒక నోట్‌బుక్ కొను. ప్రతి సెషన్ అయ్యాక ఎవరితోనూ మాట్లాడక ముందే, హెల్మెట్ తీసిన వెంటనే మూడు విషయాలు రాయి: మలుపులోకి వెళ్లేటప్పుడు, మధ్యలో, బయటికి వచ్చేటప్పుడు కారు ఏం చేసింది. ఎడమ మలుపులు, కుడి మలుపులు వేరుగా రాయి. ఏదైనా చప్పుడు వినిపించినా, కెర్బ్ తగిలినా, స్టీరింగ్ కొంచెం తేడాగా ఉన్నా రాయి, ఎంత చిన్నదైనా. టైర్లు చల్లారక ముందే మెకానిక్ చూసిన ప్రెషర్ నాలుగూ పక్కన రాయి. సెషన్‌కు ఒక్క మార్పే. అది పని చేయకపోతే వెనక్కి మార్చేసి, మొదటి సెటప్‌తో మళ్లీ బయటికి వెళ్లు.

ఇక మీ నాన్నగారి సంగతి. నా మొదటి సీజన్‌లో డ్యామేజ్ బిల్లు వచ్చినప్పుడు నేను రెండు వారాలు మా నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. డబ్బు గురించి బాధపడుతున్నారనుకున్నాను. ఆయన బాధ వేరే. నాకు దెబ్బలేమైనా తగిలి దాస్తున్నానేమోనని భయపడ్డారట, అమ్మ చెబితే తెలిసింది. ఆ సాయంత్రమే బిల్లు ముందు పెట్టి, కారు ముక్కు ఎందుకు విరిగింది, లింక్ ఎందుకు వంగింది, మళ్లీ అలా కాకుండా ఏం చేయబోతున్నాను అని వరసగా చెప్పాను. ఆయనకు ఓవర్‌స్టీర్ (మలుపులో కారు వెనక జారడం) అంటే తెలియదు. చివరిదాకా విని, "ఆ దారం కట్టి కొలవడం శుక్రవారం పొద్దున్నే చేయించొచ్చు కదా" అన్నారు. అప్పటి నుంచి ప్రతి రౌండ్‌లోనూ మొదటి సెషన్ అయిన వెంటనే దారం కట్టించాను.

నీ ఆన్‌బోర్డ్ వీడియోలో ఆ రెండు స్పిన్‌ల ముక్కలు, ఆదివారం ల్యాప్ టైమ్‌ల కాగితం ఫోటో ఇక్కడే కింద పెట్టు. సౌండ్ తీసేయకుండా పెట్టు. ఈ ఆదివారం కూర్చుని చూస్తాను.